పక్క హద్దు మాటలు

వరహాలమ్మ పొయ్యి మీంచి వంకాయ కూర దించుతుంటే వెనకనుంచి మాట వినిపించింది.

"మీరు భోజనం చేశారాండి?"

ఎవరో చుట్టాలొచ్చారనుకుని ఆవిడ కొంగు సర్దుకుని గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు. ఉన్నదల్లా చక్రాల కుర్చీలో మొగుడు అసిరినాయుడు. ఆయన తన వైపే చూస్తున్నాడు.

"ఏటన్నావు?"

"భోజనం చేశారా అని అడిగానండి. పొద్దుట్నుంచీ మీరేమీ తిన్నట్టు లేదు. ఆయ్."

"ఓలమ్మో!" అంది వరహాలమ్మ. గిన్నె చేతిలోంచి జారి, సగం కూర నేలపాలైంది.

మరి జారదా? కాపురానికొచ్చి నలభై ఏళ్ల పైమాట. ఇన్నేళ్లలో అసిరినాయుడు పెళ్లాన్ని తిన్నావా అని అడిగిన పాపాన పోలేదు. 'ఒలే' అన్నదే ఆవిడ పేరు. 'ఇంకా అవలేదా' అన్నదే ఆవిడతో కబురు. విజయనగరం నుంచి బొబ్బిలి మీదుగా సాలూరు దాకా బస్సు కండక్టరుగా తిరిగి తిరిగి, ఉన్న మాటలన్నీ ఆ దారిలోనే ఖర్చుపెట్టేసి ఉత్తచేతుల్తో ఇంటికొచ్చేవాడు. పిల్లా జెల్లా లేని ఇల్లు. ఇద్దరే మనుషులు, ఒకటే అరుపు. ఉక్కపోతకి అలవాటు పడ్డట్టే వరహాలమ్మ ఆ అరుపుకీ అలవాటు పడిపోయింది.

ఏడాదిన్నర కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. నోటి మాట పూర్తిగా పోయింది. అనుకునేది లోపల ఉంది, బయటికి రాదు. మూడు పూటలా 'ఆ... ఆ...' అంటూ గోడకేసి చెయ్యి కొట్టుకునేవాడు. అప్పుడు విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలవాళ్లు ఇలాంటివాళ్ల కోసం పలుకుబిళ్ల అని ఒకటి కనిపెట్టారని తెలిసి, వరహాలమ్మ పట్టుబట్టి తీసుకెళ్లింది. పాత రూపాయి కాసంత బిళ్ల. చెవి వెనక అంటిస్తే చాలు. మనిషి తలలో మెదిలిన తలపుని పట్టుకుంటుంది, దానికి తగ్గ మాట వెతుకుతుంది, మెడకి తగిలించిన చిన్న స్పీకరులోంచి పలికిస్తుంది. గొంతు కూడా ఆ మనిషిదే, బొంగురుతో సహా.

ఆ బిళ్ల పెట్టగానే అసిరినాయుడు అన్న మొదటి మాట, "ఒలే, అలగ గుడ్లప్పగించి సూస్తావేటి? నీళ్లియ్యి!"

ప్రయోగశాలలో అందరూ చప్పట్లు కొట్టారు. వరహాలమ్మ కూడా ఆనందం పట్టలేక ఏడ్చింది. ఆ తర్వాత నెలల తరబడి మళ్లీ పాత కాపురమే.

అలాంటివాడు ఇవాళ 'భోజనం చేశారాండి' అంటే ఏమనుకోవాలి?

నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు. ఎర్రనీళ్లతో దిష్టి తీసింది. తీస్తున్నంతసేపూ ఆయన, "మీకెందుకండీ శ్రమ, పెద్దవారు" అంటూనే ఉన్నాడు. పెద్దవారట! ఆయన కంటే ఆవిడ ఆరేళ్లు చిన్నది.

సాయంత్రానికి వరహాలమ్మకి ఇంకో అనుమానం పుట్టింది. మేడ మీద అద్దెకుండే సత్యవేణిది రావులపాలెం. ఏదో కంపెనీ ఉద్యోగం, ఇంట్లో కూర్చునే చేసుకుంటుంది. ఆ పిల్ల మాట్లాడితే 'అండీ' లేకుండా ముక్క రాదు, వీధి కుక్కని అదిలించినా 'అవతలికి పొండి' అంటుంది. ఈ ముసలాడు ఆ పిల్ల దగ్గర గానీ నేర్చుకుంటున్నాడా? ఈ వయసులో ఇదేం బుద్ధి? మెట్లెక్కి వెళ్లి అడిగేసింది కూడా.

"ఏమ్మా, మా ఆయనగాని నీతో మాట్లాడతన్నాడేటి?"

సత్యవేణి తెల్లబోయింది. "బాబాయిగారాండి? నన్ను చూస్తేనే మొహం తిప్పేసుకుంటారు కదండీ. ఏమైందండీ పిన్నిగారూ?"

"ఏటీ అవలేదు. ఊరికినే" అని వరహాలమ్మ వచ్చినదారినే దిగిపోయింది. మొగుడు తనని మర్యాదగా పలకరించాడని ఎవరికైనా ఎలా చెప్పుకుంటుంది? నవ్వరూ?

నాలుగు రోజులు గడిచేసరికి భయం పోయింది. వారం దాటేసరికి, చెప్పుకోడానికి సిగ్గేగానీ, బాగుందనిపించింది. "మీ చేతి పులుసు అమృతమండి" అంటే ఎవరికి చేదు? పనున్నా లేకపోయినా ఆవిడ ఆ కుర్చీ ముందునుంచి నాలుగుసార్లు తిరిగేది. పెట్టెలో మడతపెట్టి దాచిన వెంకటగిరి చీర తీసి ఉత్తి శుక్రవారంనాడే కట్టింది. "తమరికి ఆ రంగు బాగా నప్పిందండి" అన్నాడాయన. అలా అంటున్నప్పుడు ఆయన కళ్లు ఎర్రబడి నీళ్లు తిరిగేవి. పాపం, ఇన్నేళ్లకి పశ్చాత్తాపం వచ్చిందనుకుని ఆవిడా కళ్లు తుడుచుకునేది.

అయినా ఎక్కడో తిరకాసుగానే ఉండేది. ఒక్కోసారి ఆ కుర్చీలో ఉన్నది తన మొగుడు కాదనీ, ఎవరో మర్యాదస్తుడు ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి ఎన్నాళ్లకీ కదలడం లేదనీ అనిపించేది. ఆయన ముందు కాళ్లు చాపుకుని కూర్చోలేకపోయింది. మనసారా ఒక్కసారి విసుక్కోలేకపోయింది. ఆ మాటలు కావాలి, కానీ అవి ఎవరివో తెలియదు.

నెల తిరిగేసరికి ప్రయోగశాలకి పరీక్షకి వెళ్లే రోజు వచ్చింది. బిళ్లల సంగతి చూసే ఇంజనీరు రజియా. గుంటూరు పిల్ల, చురుకైనది. అసిరినాయుణ్ణి కూర్చోబెట్టి, "ఎలా ఉన్నారు బాబాయ్?" అంది.

"తమరి దయవల్ల కులాసాగా ఉన్నామండి. తమరెలా ఉన్నారు?"

రజియా చేతిలో ఉన్న తీగ పక్కన పెట్టింది. వరహాలమ్మ మొహం చూసింది. వరహాలమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. రజియా గబగబా తెర ముందు కూర్చుని ఏవో అంకెలు తిరగేసి, కాసేపటికి అడిగింది.

"అమ్మా, మీరు రాజమండ్రిలో ఉంటున్నారా?"

"రాజమండ్రేటి తల్లీ? ఇజీనారంలోనే కదా మా ఇల్లు."

"కానీ ఈ బిళ్ల రోజూ రాత్రి రాజమండ్రిలో ఉంటోంది."

వరహాలమ్మ మొగుడి చెవి వెనక బిళ్లని తడిమి చూసింది. "ఇదొక్కర్తీ బస్సెక్కి ఎల్లొస్తందేటి?"

రజియాకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "రాత్రిపూట దీన్ని ఎక్కడ చార్జింగు పెడుతున్నారు?"

అప్పుడు బయటపడింది. ఎండలు ముదిరాక రాత్రిళ్లు కరెంటు పోతోంది. మేడ మీద సత్యవేణికి ఇన్వర్టరు ఉంది. ఇంట్లో ఫ్రిజ్జు లేనివాళ్లు పక్కింట్లో పెరుగు గిన్నె పెట్టుకోవడం ఆ వీధిలో మామూలే. వరహాలమ్మ పెరుగు గిన్నెతోపాటు సెల్‌ఫోనూ, దానితోపాటు బిళ్లని చార్జింగు పెట్టే డబ్బా కూడా మేడ మీద పెట్టేది. డబ్బాకి నెట్ అందడం లేదని సత్యవేణే అడక్కుండానే తన కంపెనీ నెట్‌కి కలిపిపెట్టింది. ఆ కంపెనీ నెట్ నేరుగా బయటికి పోదు, ముందు రాజమండ్రి ఆఫీసుకి పోయి అక్కణ్ణుంచి లోకంలోకి పోతుంది.

"ఇది రేషన్ డిపోలాంటిదమ్మా" అంది రజియా. "ఇన్ని వేల బిళ్లలకీ మాటలు ఒక్కచోటునుంచి పంపలేం. అందుకని ఊరూరా గిడ్డంగులు పెట్టాం. బిళ్ల రాత్రిపూట లేచి, నేను ఏ హద్దులో ఉన్నాను అని చూసుకుంటుంది. ఆ హద్దులో ఉన్న గిడ్డంగిని పిలుస్తుంది. అది పలికితే మాటలు అక్కడే తెచ్చుకుంటుంది. మీ బిళ్ల రాజమండ్రి దారిలో కనబడింది కాబట్టి గోదావరి గిడ్డంగి నాదే అనుకుంది. బాబాయి సొంత మాటల సంచి విజయనగరం గిడ్డంగిలో ఉండిపోయింది. గోదావరి గిడ్డంగిలో దొరికినవి అక్కడి జనం మాటలు."

"సొంత మాటల సంచేటి?"

"మొదట్లో మీ దగ్గర తీసుకున్నాం కదమ్మా, ఆయన ఫోన్లో పంపిన మాటలు, చుట్టాల పెళ్లి వీడియోలు, బస్సులో కెమెరా పట్టిన మాటలు. అవన్నీ కలిపి కట్టిన సంచి. ఆ నియమం రాసింది నేనే. మనుషులు ఉన్నచోటే ఉంటారనుకున్నాను. పెరుగు గిన్నె సంగతి నాకు తట్టలేదు." రజియా మొహం చిన్నబోయింది.

వరహాలమ్మకి గిడ్డంగులూ హద్దులూ సగమే ఎక్కాయి. ఆవిడకి కావలసింది ఒక్కటే. కుర్చీ దగ్గరగా జరుపుకుని, మొగుడికి వినబడకుండా గొంతు తగ్గించి అడిగింది.

"ఇదొక్కటి సెప్పమ్మా. తిన్నారా అని నన్నడిగింది ఆయనా, ఆ గిడ్డంగా?"

"తలపు ఆయనదేనమ్మా. మాట గిడ్డంగిది."

"అయితే నాను తిన్నానో లేదోనని ఆయనకి ఉన్నట్టేనా?"

రజియా తెర మీది అంకెలు మళ్లీ చూసింది. "మీ గురించీ తిండి గురించీ ఏదో అనుకున్నారు. అంతవరకే బిళ్లకి తెలుస్తుంది. అది జాలో, చిరాకో... నిజంగా నాకూ తెలీదమ్మా. ఆ సంచిలో చిరాకు మాటలు కూడా మర్యాదగానే ఉంటాయి."

తెలుసుకుందామని వస్తే ఉన్న తెలివి కూడా పోయినట్టయింది వరహాలమ్మకి. రజియా బిళ్లని పాత గిడ్డంగికి తిప్పేస్తానని లేచింది. వరహాలమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఇంకొన్నాళ్లు ఇలగే ఉండనీ తల్లీ. నీకు దండం పెడతాను."

"అలా కుదరదమ్మా. పేషెంటు ఒప్పుకోవాలి." రజియా అసిరినాయుడి వైపు తిరిగింది. "బాబాయ్, ఇవి మీ సొంత మాటలు కావు. పాతవి పెట్టమంటారా, ఇలాగే ఉంచమంటారా?"

అసిరినాయుడి మెడ నరాలు బిగుసుకున్నాయి. మొహం కందగడ్డైంది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. స్పీకరులోంచి మాట మెత్తగా వచ్చింది.

"తమరి ఇష్టమండి. తమరెలా చెబితే అలాగే."

పేషెంటు అంగీకరించారు అని రజియా నమోదు చేసింది. వరహాలమ్మ గుండె తేలికపడింది.

ఇంటికొచ్చిన రెండోనాడు అన్నం పెడుతూ ఆవిడ ఏదో కబుర్లలో పడింది. పులుసు బాగుందా, ఇంకాస్త వెయ్యనా అని అడిగింది. మళ్లీ ఆ అమృతం మాట వినాలని, నిజం చెప్పాలంటే.

"చాలా బాగుందండి" అన్నాడాయన. అంటూనే ఎడంచేత్తో కంచాన్ని ఒక్క తోపు తోశాడు. కంచం గోడకి తగిలి గింగిరాలు తిరిగి పడింది. మంచినీళ్ల గ్లాసు వెనకాలే వెళ్లింది.

"మీకు శ్రమ ఇచ్చానండి. క్షమించాలి" అంటోంది స్పీకరు. ఆ మాట పూర్తవుతుండగానే అదే చెయ్యి పిడికిలి బిగించి కుర్చీ పట్టెని ఠపాఠపా కొట్టుకుంటోంది.

చెయ్యి ఒకటి చెబుతోంది, నోరు ఒకటి చెబుతోంది. మొదటిసారి ఆవిడ మాట వినడం మానేసి మొహం చూసింది. ఎర్రటి కళ్లు, వణికే దవడ. నెల్లాళ్లుగా తను పశ్చాత్తాపం అనుకుని మురిసిన కన్నీళ్లు ఇవేనా? ముందుకి వెళ్లి, చెవి వెనక బిళ్లని పట్టి పీకేసింది.

"ఆ... ఆ... ఆఁ..." అని ఇల్లు అదిరేలా అరిచాడు అసిరినాయుడు. అరిచి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆవిడ ఆయన మోకాళ్ల దగ్గర కూలబడింది. "ఈ మాటలు నీకొద్దా?"

వద్దని తల అడ్డంగా ఊపాడు. గట్టిగా, మళ్లీ మళ్లీ.

"మరి ఆవేళ ఇష్టమన్నావు కదా?"

ఇంకా గట్టిగా ఊపాడు. అంటే ఆవేళ ప్రయోగశాలలో ఆయన వద్దు వద్దని మొత్తుకుంటుంటే, ఆ బిళ్ల తమరి ఇష్టం అని పలికిందన్నమాట. తనూ రజియా అదే విన్నారు, తనకి కావలసిందీ అదే కాబట్టి తను లేచి వచ్చేసింది.

"నెల్లాళ్లబట్టీ నన్ను తిడదామనుకుంటన్నావా?" అని అడిగింది.

ఆయన తల కిందికి ఆడబోయి ఆగింది. పక్కకి తిరగబోయి ఆగింది. అవుననీ కాదు, కాదనీ కాదు. ఎడంచేత్తో గాలిలో ఏదో గీసి, చెప్పలేక చెయ్యి దించేసుకున్నాడు. తిట్టు కొంతా, ఇంకేదో కొంతానా? ఆ ఇంకేదో ఏమిటి? వరహాలమ్మకి బోధపడలేదు. ఒక్కటి మాత్రం తెలిసింది, ఈ మర్యాద ఆయనకి నోట్లో గుడ్డ కుక్కినట్టు ఉంది. ఆ గుడ్డ తను తీస్తే రేపట్నుంచి తనని తిన్నావా అని అడిగే నాథుడు ఉండడు. ఆ ఆలోచనకే ఆవిడకి దుఃఖం పొంగుకొచ్చింది. అయినా మర్నాడు పొద్దున్నే విశాఖపట్నానికి కారు మాట్లాడింది.

ప్రయోగశాలలో రజియా బిళ్లని విజయనగరం గిడ్డంగికి కట్టి, సంచి దింపి, ఆయన చెవి వెనక పెట్టింది. వెంటనే అసిరినాయుడు గొంతు గదిని కోసింది.

"ఎవుల్ని అడిగి మార్సినారు నా మాట? నాను మనిసిని కానేటి?"

"మీరే ఒప్పుకున్నారు కదా బాబాయ్..." అంది రజియా.

"నానేటి ఒప్పుకున్నాను? నా నోరు ఒప్పుకున్నాది! నాను కాదంటంటే అది అండీ అంటాది. నాను సచ్చీసినాను లోపల!"

రజియా తల దించుకుంది. ఒప్పుకోలు అడిగింది మనిషిని అనుకుంది, అడిగింది తన గిడ్డంగినే. ఇలా ఇంకెంతమంది నోళ్లలో ఎవరి మాటలున్నాయో, ఎవరిచేత సరేననిపించామో ఆ పిల్లకి అంతుపట్టలేదు. తల ఎత్తి చెప్పింది.

"క్షమించండి బాబాయ్. ఇంకో సంగతి. మీ సంచిలో లేని మాట కావలసొచ్చినప్పుడు బిళ్ల పక్క హద్దులోకి వెళ్లి అడిగే దారి ఒకటుంది. అది ఉంచనా, మూసెయ్యనా? మూసేస్తే, మీ దగ్గర లేని మాట ఇక రాదు. బిళ్ల మీది దీపం మినుకుమంటూ వెతుకుతూనే ఉంటుంది."

"మూసీ. నా కాడ లేకపోతే నోరు మూసుకుంటాను గానీ, ఎవుడి మాటా నాకొద్దు."

దారి మూశారు.

ఇంటికొచ్చాక ఆవిడ కాళ్లు కడుక్కుని, పొయ్యి వెలిగించి, ఉన్న బీరకాయలు తరిగి కూర చేసింది. ఆయనకి బల్ల మీద వడ్డించి, ఎప్పటిలా గరిటె పట్టుకుని పక్కన నిలబడింది.

"ఏటిది, ఉప్పేదే?" అన్నాడాయన మొదటి ముద్దకే. "సెయ్యి పడిపోయినోడికి నాలిక కూడా పడిపోయిందనుకున్నావేటి? ఒలే, నీకే సెప్తన్నాను!"

వచ్చేసింది. తన మొగుడు తనకి తిరిగొచ్చేశాడు. సంతోషించాలో నెత్తి కొట్టుకోవాలో వరహాలమ్మకి తెలియలేదు. గరిటె గిన్నెలో ఠంగుమని పడేసింది.

"ఉప్పు మరిసిపోయినాను. ఎందుకు మరిసిపోయినానో అడగవేటి? ఆ మాటలు నీవి కావని తెలిసే తీయించీసినాను. తీయించీసినందుకు నాకు ఏడుపొస్తంది, తెలుసా? నలభై ఏళ్లకి ఒక్క నెల్లాళ్లు నన్ను తిన్నావా అని అడిగినారు. అది ఏ గిడ్డంగో అడిగిందంట. ఎవులడిగితే ఏటి, అడిగినారు! పరాయి మాట నీకొద్దన్నావు, సరే, బాగున్నాది. మరి నీ కాడేటున్నాది నాకు? ఆ సంచి నిండా దులిపి సూడు, ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి నాకు లేదా?"

అసిరినాయుడు ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చెవి వెనక దీపం మినుకుమంది. ఆగింది. మళ్లీ మినుకుమంది.

వరహాలమ్మ చూస్తూ నిలబడింది. దీపం ఆగడం లేదు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు, చీకట్లో గూట్లో ఏదో తడుముకుంటున్నవాడిలా. పెళ్లి వీడియోలు, ఫోను మాటలు, ఇంట్లో అన్న మాటలు, అన్నీ తిరగేస్తున్నట్టున్నాడు. వాటిల్లో ఏముందని దొరుకుతుంది? పోనీలే, తినూ, అనబోయింది ఆవిడ. ఆ మాట పళ్ల మధ్య ఆపుకుంది. ఇన్నేళ్లూ ఆయన వెతుక్కోకుండా పోనీలే అని తనే సర్దుకుపోయింది. ఈసారి వెతుక్కోనీ అనుకుంది.

కూర చల్లారిపోయింది. వీధిలో ఎవరో పూలు అమ్ముకుంటూ వెళ్లిపోయారు. దీపం ఇంకా మినుకుమంటూనే ఉంది.

తర్వాత ఆరిపోయింది. స్పీకరు ఒకసారి గరగరలాడింది.

"సీటుంది" అన్నాడు అసిరినాయుడు.

వరహాలమ్మకి అర్థం కాలేదు. ఆయన ఎడంచేత్తో ఎదుటి కుర్చీని కొంచెం ముందుకి తోశాడు.

"సీటుంది. కూకో."

సాలూరు దారిలో తట్టలు ఎత్తుకుని బస్సెక్కిన ఎందరు ముసలమ్మలకో, చంటిపిల్లల్ని చంకనేసుకున్న ఎందరు తల్లులకో చెప్పిన మాట. ఆవిడకి చెప్పలేదు ఎప్పుడూ. ఆ ఇంట్లో ఆవిడ తినేటప్పుడు ఆయన ఉండడు, ఆయన తినేటప్పుడు ఆవిడ కూర్చోదు. ఆయన సంచిలో ఒక ఆడమనిషిని ఆదరించే మాట ఏదైనా ఉందంటే అదే కాబోలు.

ఆ కుర్చీ మీద ఉతికిన బట్టలు కుప్పగా ఉన్నాయి. వరహాలమ్మ వాటిని తీసి మంచం మీద పెట్టి, ఇంకో కంచం తెచ్చుకుని, కూర్చుంది.